టికెట్ అడిగిన అమ్మాయి తర్వాత ఏం చేసింది?

పోయిన సంచికలో స్వాతంత్ర్య పోరాటంలో మన ఆడవాళ్ళ గురించి రాస్తూ దుర్గాబాయి దేశ్‌ముఖ్ ప్రస్తావన నాలుగు వాక్యాల్లో ముగించేశాను. ఆ నాలుగు వాక్యాలు సరిపోలేదని చాలామంది రాశారు, కొందరు కాస్త కోపంగానే రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆవిడకే. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాను, పేర్లు వేయొద్దన్నవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: నెహ్రూని టికెట్ లేదని గేటు దగ్గర ఆపేసిన కథ నిజంగా జరిగిందా? మా పిల్లల పుస్తకంలో ఉంది. నాకెందుకో తర్వాత ఎవరో అల్లినట్టు అనిపిస్తుంది.

జరిగిందండీ. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి, అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ. దుర్గాబాయికి అప్పుడు పద్నాలుగేళ్ళు. సభల్లో వాలంటీరుగా ఉంటానంటే మరీ చిన్నపిల్లవి అని పక్కనే జరుగుతున్న ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర నిలబెట్టారు. టికెట్ లేకుండా ఎవర్నీ లోపలికి పంపొద్దని చెప్పారు, ఆ అమ్మాయి అదే చేసింది. వచ్చింది జవహర్‌లాల్ నెహ్రూ. టికెట్ రెండు అణాలు, ఆయన దగ్గర అది లేదు. పెద్దవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆ పిల్లని కోప్పడ్డారు, మీరే కదా చెప్పారు అని ఆ పిల్ల ఎదురు చెప్పింది, చివరికి నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే ఆయన లోపలికి వెళ్ళారు. నెహ్రూ కూడా ఆ అమ్మాయి చేసింది మెచ్చుకున్నారు.

నిజమే కానీ, నాకు ఈ కథ మీద కొంచెం విసుగు ఉంది. ముద్దుగా ఉంటుంది కాబట్టి అందరం ఇదే చెప్పుకుంటాం, దుర్గాబాయి అనగానే గేటు దగ్గర నిలబడ్డ చిన్నపిల్ల తప్ప ఇంకేమీ గుర్తుకురాదు. అంతకు రెండేళ్ళ ముందు జరిగింది దీనికంటే చాలా పెద్దది. 1921లో గాంధీ కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీలూ, పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలని ఈ పన్నెండేళ్ళ పిల్ల పట్టుబట్టింది. స్థానిక పెద్దలకి ఎలా వదిలించుకోవాలో తెలియక, ఐదువేల రూపాయలు తెస్తే ఐదు పది నిమిషాలు ఇప్పిస్తాం అన్నారు. 1921లో ఐదువేలు! తేలేదులే అన్న ధీమాతోనే అని ఉంటారు. ఆ పిల్ల దేవదాసీలతో కలిసి ఊరంతా తిరిగి ఆ డబ్బు పోగేసింది. సభకి జాగా దొరక్కపోతే ఒక హెడ్మాస్టర్ని అడిగి బడి ఆవరణ సంపాదించింది, అదీ గాంధీ స్టేషన్ నుంచి టౌన్‌హాలుకి వెళ్ళే దారిలో పడేలా. ఆయన పది నిమిషాలకి వచ్చి అరగంటకి పైగా మాట్లాడారు. ఆడవాళ్ళు ఒంటిమీది గాజులూ గొలుసులూ తీసి ఇచ్చేస్తే విలువ పాతికవేల దాకా తేలింది. అక్కడ గాంధీ హిందుస్తానీని తెలుగు చేసింది దుర్గాబాయే. తర్వాత టౌన్‌హాలు పెద్ద సభకి కొండా వెంకటప్పయ్య గారు అనువాదకుడిగా సిద్ధంగా ఉన్నా, గాంధీ ఈ అమ్మాయినే చెప్పమన్నారు.

టికెట్ కథలో ఆ అమ్మాయి పెద్దలు పెట్టిన రూలు అమలు చేసింది. రెండేళ్ళ ముందు కథలో పెద్దలు గీసిన గీత దాటేసింది, అదీ ఊళ్ళో ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోని ఆడవాళ్ళ కోసం. ఈ రెండో కథ పిల్లల పుస్తకాల్లోకి ఎందుకు రాలేదంటారా? దేవదాసీ అంటే ఏంటి టీచర్ అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి అని నా అనుమానం.

ప్రశ్న: ఎనిమిదేళ్ళకే పెళ్ళయిందని చదివాను. ఆ రోజుల్లో పెళ్ళయిన ఆడపిల్ల ఇలా ఉద్యమాల్లో తిరిగితే అత్తవారు ఊరుకున్నారా?

పెళ్ళయింది గానీ ఆవిడ ఆ కాపురానికి వెళ్ళలేదు. యుక్తవయసు వచ్చాక ఆ భర్తకి తనే చెప్పారు, నాకూ మీకూ కుదరదు, మీరు మళ్ళీ పెళ్ళి చేసుకోండి అని. పుట్టింటివాళ్ళు, ముఖ్యంగా తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు, అడ్డుపడలేదు. తల్లి అయితే తనూ హిందీ నేర్చుకుని, తనూ ఉద్యమంలోకి దిగారు. గొప్ప నాయకుల కథల్లో ఈ ఇంటి సంగతులు మనం పట్టించుకోం కానీ, వెనక నిలబడే తల్లిదండ్రులు లేకపోతే 1920ల్లో కోస్తా జిల్లాల్లో ఒక బ్రాహ్మణ కుటుంబం ఆడపిల్ల వీధిలో నిలబడి ఉపన్యాసం ఇవ్వడం కుదిరే పని కాదు. రెండో పెళ్ళి 1953లో, నలభై దాటాక, అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌తో. అంటే పోరాటకాలం మొత్తం, రాజ్యాంగ సభ మొత్తం, ఆవిడ 'దేశ్‌ముఖ్' కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, చివరి జవాబులో పనికొస్తుంది.

ప్రశ్న: ఉప్పు సత్యాగ్రహంలో అంత పేరు వచ్చాక, జైలు నుంచి రాగానే రాజకీయాలు వదిలేసి చదువుకోవడానికి వెళ్ళిపోవడం నాకు అర్థం కాలేదు. భయపడ్డారా, విసిగిపోయారా?

భయం మాట పక్కనపెట్టండి. 1930లో మద్రాసులో ప్రకాశం గారు, నాగేశ్వరరావు పంతులు గారు నడిపిన ఉప్పు సత్యాగ్రహంలో దుర్గాబాయి ముందు వరసలో ఉన్నారు. అప్పటికి ఇరవై ఒకటి కూడా నిండలేదు. మే నెలలో అరెస్టు చేసి ఏడాది శిక్ష వేసి వేలూరు జైలుకి పంపారు. బయటికొచ్చాక మళ్ళీ అదే పని, మళ్ళీ జైలు. 1930కీ 1933కీ మధ్య మూడుసార్లు లోపలికి వెళ్ళారు. మదురైలో ఒంటరి గదిలో, ఉరిశిక్ష పడ్డ ఖైదీల గదుల పక్కనే ఉంచారు, ఆరోగ్యం బాగా చెడిపోయింది.

అయితే ఆవిడని మార్చింది జైల్లో తోటి ఆడఖైదీలు. రాజకీయ ఖైదీలు కాదు, మామూలు నేరాల కింద వచ్చినవాళ్ళు. వాళ్ళలో చాలామందికి తాము ఏ నేరం కింద, ఏ సెక్షన్ కింద లోపల ఉన్నామో తెలియదు. వకీలుని పెట్టుకునే స్తోమత లేదు, కోర్టులో ఏం మాట్లాడారో అర్థం కాలేదు, అడిగిన చోటల్లా వేలిముద్ర వేసి వచ్చేశారు. నాలుగు రోజులు ఉపవాసం చేసో నినాదాలు ఇచ్చో వీళ్ళని బయటికి తీసుకురాలేం కదా. దానికి లా కావాలి, లా చదవాలంటే డిగ్రీ కావాలి, డిగ్రీ కావాలంటే ముందు మెట్రిక్ కావాలి. ఈవిడేమో చిన్నప్పుడే ఇంగ్లిష్ చదువు వద్దని బడి మానేసిన మనిషి!

ఇరవైల నడుమ మొదటినుంచీ మొదలుపెట్టారు. బెనారస్ విశ్వవిద్యాలయం ద్వారా మెట్రిక్. ఆ తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదువుదామని వెళ్తే, వైస్ ఛాన్సలర్ సి.ఆర్. రెడ్డి గారు ఆడపిల్లలకి హాస్టల్ లేదు, చేర్చుకోలేం అన్నారు. అది చాలా మర్యాదగా చెప్పే 'కుదరదు'. ఈవిడ పేపర్లో ప్రకటన ఇచ్చారు, ఇక్కడ చదవాలనుకుంటున్న అమ్మాయిలు ఉంటే రాయండి అని. కొంతమంది రాశారు. వాళ్ళందర్నీ పోగేసి తనే హాస్టల్ నడిపారు, సీటు వచ్చింది. ఐదువేలు తెస్తే చూద్దాం అన్న కాకినాడ పెద్దలకి ఇచ్చిన జవాబే ఇదీను. ఆ తర్వాత మద్రాసులో లా చదివి, 1942లో మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టారు. మధ్యలో, 1937లో, ఆంధ్ర మహిళా సభ. మెట్రిక్ ప్రైవేటుగా రాయాలనుకునే ఆడవాళ్ళకి పాఠాలు చెప్పడం దాని మొదటి పనుల్లో ఒకటి, తను పడ్డ అవస్థ ఇంకొకరు పడకూడదని.

కాబట్టి రాజకీయాలు వదిలేశారన్న మాట నేను ఒప్పుకోను. 1942లో క్విట్ ఇండియా అని తోటివాళ్ళు మళ్ళీ జైళ్ళకి వెళ్తుంటే ఈవిడ నల్లకోటు వేసుకుని కోర్టుకి వెళ్ళడం అప్పట్లో కొందరికి నచ్చకపోయి ఉండొచ్చు. కానీ 1946లో చట్టాలు రాసే గదిలోకి వెళ్ళాక ఆ కోటు విలువ తెలిసింది.

ప్రశ్న: రాజకీయాల్లోకి వచ్చిన మొట్టమొదటి తెలుగు మహిళ దుర్గాబాయే కదా? మా ఆఫీసులో పందెం నడుస్తోంది.

పందెం ఎంతో చెప్పలేదు మీరు. ఓడిపోయారు, సారీ.

ఆంధ్రలో మొదట జైలుకెళ్ళిన మహిళ దేశబాంధవి దువ్వూరి సుబ్బమ్మ గారు, ద్రాక్షారామం ఆవిడ, బాలవితంతువు. 1922లో ఏడాది శిక్ష పడి రాజమండ్రి జైలుకి వెళ్ళారు. ఇక పదవుల సంగతి అడిగితే ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి గారి పేరు చెప్పాలి, ఈ పేరు మనవాళ్ళు ఎందుకో బొత్తిగా మర్చిపోయారు. మద్రాసు తెలుగు కుటుంబం, 1892లో పుట్టారు, ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి గారి భార్య. 1930లో రాజాజీ తిరుచ్చి నుంచి వేదారణ్యం దాకా నడిపించిన ఉప్పు యాత్ర ఉంది కదా, అక్కడ అరెస్టయ్యారు. ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసు రాష్ట్రంలో జైలుకెళ్ళిన మొదటి స్త్రీ ఆవిడే. 1937లో మద్రాసు శాసనసభకి గెలిచి డిప్యూటీ స్పీకర్ అయ్యారు, స్పీకర్ మన బులుసు సాంబమూర్తి గారు. 1946లో ప్రకాశం గారి మంత్రివర్గంలో ప్రజారోగ్య మంత్రి. బ్రిటిష్ హయాంలో మద్రాసు రాష్ట్రంలో మంత్రి అయిన స్త్రీ ఆవిడ ఒక్కరే. 1947 మార్చిలో ఆ మంత్రివర్గం పడిపోయింది, ఏడాది కూడా నిండలేదు. 1951లో కన్నుమూశారు. చెన్నై ఎగ్మోరులో ఆవిడ పేరుతో రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీద రోజూ తిరిగే తెలుగువాళ్ళలో ఎంతమందికి తెలుసో మరి.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను. బ్రిటిష్‌వాళ్ళ 1919 భారత ప్రభుత్వ చట్టం ఆడవాళ్ళకి ఓటు ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రాల సభలకి వదిలేస్తే, ముందుగా 1921లో ఇచ్చింది మద్రాసే. అయితే ఓటు వేయొచ్చు గానీ నిలబడకూడదు. ఆ అడ్డు 1926లో పోయింది. ఆ ఏడే కమలాదేవి చటోపాధ్యాయ మద్రాసు కౌన్సిల్‌కి పోటీచేసి చాలా తక్కువ తేడాతో ఓడిపోయారు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిని నామినేట్ చేశారు, ఆవిడ కౌన్సిల్ ఉపాధ్యక్షురాలయ్యారు, 1930లో గాంధీ అరెస్టుకి నిరసనగా రాజీనామా చేశారు. 1935 చట్టంతో మద్రాసు అసెంబ్లీ 215 సీట్లలో 8 ఆడవాళ్ళకి కేటాయించారు. ఓటు మాత్రం ఆస్తో పన్నో చదువో ఉన్నవాళ్ళకే, లేదా అలాంటివాళ్ళ భార్యలకి. పొలంలో కలుపు తీసే ఆడమనిషి పికెటింగ్ చేసి జైలుకి వెళ్ళొచ్చు, పోలింగ్ బూత్‌కి మాత్రం వెళ్ళలేదు.

ఇంకో తమాషా చూడండి. ముత్తులక్ష్మీ రెడ్డి ఉపాధ్యక్షురాలు. రుక్మిణి డిప్యూటీ స్పీకర్. 1946లో వచ్చిన అమ్మన్న రాజా కూడా డిప్యూటీ స్పీకరే. కుర్చీ ఇస్తారు గానీ పక్క కుర్చీ. మంత్రి పదవి ఇచ్చినా శాఖ ముందే ఖాయం: 1937లో ఉత్తరాదిన విజయలక్ష్మీ పండిట్‌కి స్థానిక స్వపరిపాలనతో పాటు ఆరోగ్యం, 1946లో రుక్మిణికి ఆరోగ్యం, 1947లో కేంద్రంలో రాజకుమారి అమృత్ కౌర్‌కీ ఆరోగ్యమే. లాఠీలు తినేటప్పుడు ఆడా మగా తేడా లేదు, ఆర్థికం, హోం దగ్గరికి వచ్చేసరికి అందరికీ తేడా గుర్తొచ్చింది. దుర్గాబాయి దారి వేరుగా కనిపించేది కూడా ఇక్కడే. ఆవిడకి శాఖ ఏదీ రాలేదు, ఆవిడ పనంతా చట్టం వాక్యాల మీద.

ప్రశ్న: రాజ్యాంగ సభలో ఆవిడ నిజంగా ఏం చేశారు? 'రాజ్యాంగ నిర్మాతల్లో ఒకరు' అని అందరూ రాస్తారు, దాని తర్వాత ఒక్క ముక్క ఉండదు.

మంచి ప్రశ్న, ఈ ఉత్తరాల కట్టలో నాకు బాగా నచ్చింది ఇదే.

1946లో మద్రాసు శాసనసభ్యులు ఓటేసి రాజ్యాంగ సభకి పంపినవాళ్ళలో దుర్గాబాయి ఒకరు. అమ్ము స్వామినాథన్, దాక్షాయణీ వేలాయుధన్ కూడా మద్రాసు నుంచే. మొత్తం సభలో స్త్రీలు పదిహేనుమంది. విభజన తర్వాత సభ్యుల సంఖ్య 299 అనుకుంటే ఎంత శాతమో మీరే లెక్కేసుకోండి. సభాధ్యక్షుడు లేనప్పుడు సభని నడిపే చైర్మన్ల ప్యానెల్ ఒకటి ఉండేది, అందులో ఉన్న ఏకైక మహిళ దుర్గాబాయి. సభ పనుల క్రమం చూసే స్టీరింగ్ కమిటీలోనూ ఉన్నారు. ఇవి హోదాలు. పని సంగతి చెప్తాను.

ఆవిడ వందల సవరణలు ఇచ్చారు. ఒకటి చూడండి, 1948 డిసెంబరు. మతస్వేచ్ఛ అధికరణం మీద చర్చ. ముసాయిదాలో, ప్రజలందరి ఉపయోగానికి ఉన్న హిందూ దేవాలయాలూ మతసంస్థలూ హిందువుల్లో 'ఏదైనా వర్గానికి లేదా విభాగానికి' తెరిచేలా ప్రభుత్వం చట్టం చేయవచ్చు అన్న అర్థంలో ఉంది. దుర్గాబాయి లేచి 'అన్ని వర్గాలకు, అన్ని విభాగాలకు' అని మార్చమన్నారు. చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ కోర్టుకెళ్ళినప్పుడు తెలుస్తుంది. ఒక కులాన్ని రానిచ్చి, మేం తెరిచేశాం కదా అని తలుపు వేసుకునే సందు మొదటి వాక్యంలో ఉంది. ఇప్పుడు మన రాజ్యాంగం 25వ అధికరణంలో ఉన్నది 'అన్ని' అనే. ప్లీడరు కన్ను అంటే ఇది. 1933లో లా చదవాలని బయల్దేరకపోతే ఈ సందు ఆవిడకి కనపడేదా?

ఇంకొకటి, పార్లమెంటు ఎగువసభ సభ్యత్వానికి ముప్పై అయిదేళ్ళు నిండాలన్న ప్రతిపాదన వస్తే, ముప్పై చాలు, తెలివికి వయసుతో పని లేదు అన్న వైపు నిలబడ్డారు. చివరికి ముప్పై దగ్గరే ఖాయమైంది. పన్నెండేళ్ళకి గాంధీ సభ ఏర్పాటు చేసిన మనిషి వయసు గురించి ఇంకేమంటారు! హిందువుల పెళ్ళి, వారసత్వ చట్టాల్ని మార్చే హిందూ కోడ్ బిల్లు వచ్చినప్పుడు ఆడపిల్లకి ఆస్తి హక్కు, విడాకుల హక్కు కావాలని గట్టిగా సమర్థించారు. ఆ బిల్లుని సొంత పార్టీలోని పెద్దలే ఎలా నలిపేశారో తెలిసిన కథే కాబట్టి దానిలోకి వెళ్ళను.

ఒక్క విషయం మాత్రం నాకు మింగుడుపడదు. ఆనాటి మహిళా నాయకులు ఆడవాళ్ళకి చట్టసభల్లో రిజర్వేషన్ వద్దన్నారు. రాజ్యాంగ సభ సభ్యురాలు హంసా మెహతా 1946 డిసెంబరులోనే సభలో ఆ మాట చెప్పారు, మాకు ప్రత్యేక సదుపాయాలు వద్దు, సమాన న్యాయం చాలు అని. ఆత్మగౌరవంతో అన్న మాటే, కాదనను. కానీ ఆ పదిహేనుమందికి ఉన్న చదువూ జైలు చరిత్రా కుటుంబాల అండా తర్వాత తరం మామూలు ఆడమనిషికి లేవు. దాని ఫలితం మొదటి లోక్‌సభ నుంచీ చూస్తున్నాం. మహిళా రిజర్వేషన్ కోసం రాజ్యాంగ సవరణ చేయడానికి 2023 దాకా పట్టింది.

ప్రశ్న: చిన్నప్పుడే హిందీ బడి పెట్టి ఊరందరికీ హిందీ నేర్పినావిడ, రాజ్యాంగ సభలో హిందీవాళ్ళ మీద విరుచుకుపడ్డారట. మాట మార్చడం కాదా?

విరుచుకుపడ్డారన్నది కొంచెం ఎక్కువ, కానీ బాధగా, ఘాటుగా మాట్లాడిన మాట నిజం. మాట మార్చారనడం మాత్రం న్యాయం కాదు.

కాకినాడ కాంగ్రెస్‌కి ఉత్తరాది నుంచి వేలమంది వస్తారని, వాళ్ళతో మాట్లాడగలగాలని దుర్గాబాయి అంతకుముందే ఆడవాళ్ళకి హిందీ నేర్పడం మొదలుపెట్టారు. జీతం లేదు, ఆజ్ఞ లేదు, దేశం కోసం అనుకుని చేసిన పని. దక్షిణాదిలో అలాంటివాళ్ళు చాలామంది. ఆ తర్వాత ఏమైంది? 1938లో రాజాజీ ప్రభుత్వం కొన్ని బళ్ళలో హిందీ తప్పనిసరి అన్నది, తమిళనాట పెద్ద ఉద్యమం లేచింది, 1940లో ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. ఇష్టంగా నేర్చుకున్నదాన్ని నెత్తిన రుద్దితే ఏమవుతుందో కళ్ళారా చూసినవాళ్ళు వీళ్ళు.

1949 సెప్టెంబరులో భాష మీద చర్చ వచ్చేసరికి సభలో కొందరు హిందీ పెద్దలు సంస్కృతం కలిపిన హిందీయే కావాలి, అంకెలు కూడా నాగరిలోనే ఉండాలి, వెంటనే కావాలి అని పట్టుపట్టారు. దుర్గాబాయి అడిగినవి తీసిపారేయదగ్గవేం కావు. హిందీ, ఉర్దూ కలిసిన తేలిక హిందుస్తానీ అయితే బాగుండేది అన్నారు. ఈ శతాబ్దం మొదట్లో మేం ఎంత ఉత్సాహంగా హిందీ నేర్చుకున్నామో, దానికి ఎదురుగా ఇప్పుడు లేచిన ఈ ఆందోళన చూస్తే దిగ్భ్రాంతిగా ఉందని, దానికి కారణం హిందీ మీద అతి ఉత్సాహం చూపిస్తున్నవాళ్ళేనని చెప్పారు. పదిహేనేళ్ళు ఇప్పుడున్నది ఉన్నట్టు ఉంచండి, మీరు కూడా ఇంకో ప్రాంతం భాష ఒకటి నేర్చుకోండి అన్నారు. చివరికి సభ ఒప్పుకున్న రాజీలో పదిహేనేళ్ళ గడువూ అంతర్జాతీయ అంకెలూ వచ్చాయి. 'మీరూ ఒక భాష నేర్చుకోండి' అన్నది మాత్రం రాలేదు, డెబ్బై అయిదేళ్ళు దాటినా ఆ సలహా అలాగే ఉంది.

ఎప్పుడూ హిందీ అక్షరం ముట్టుకోనివాళ్ళు ఆ మాట అంటే పట్టించుకోకపోవచ్చు. హిందీ బడి నడిపిన మనిషి అంటే వినక తప్పదు. ఆవిడకి ఆ సంగతి బాగా తెలుసనే నా నమ్మకం.

ప్రశ్న: ఇంత చేసినావిడ 1952 ఎన్నికల్లో ఓడిపోయారేం? జనానికి నచ్చలేదా? ఓడిపోయాక ఢిల్లీలో పదవి ఇవ్వడం దొడ్డిదారి కాదా?

1952లో ఆంధ్ర ప్రాంతంలో కాంగ్రెస్ తరఫున నిలబడి ఓడిపోయినవాళ్ళ లిస్టు చాంతాడంత ఉంది. అటు తమిళ ప్రాంతంలో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి కుమారస్వామి రాజాయే ఓడిపోయారు. నీలం సంజీవరెడ్డి అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ఇవ్వకుండా సాగదీశారన్న కోపం, తిండిగింజల కరువు, ప్రకాశం గారూ రంగా గారూ విడిపోయి వేరే పార్టీలు పెట్టుకోవడం, పల్లెల్లో కమ్యూనిస్టుల బలం, ఇన్ని కలిశాయి. ఆ గాలిలో దుర్గాబాయి ఒక్కరూ నిలబడి ఉంటే ఆశ్చర్యపోవాలి.

అయితే ఒక మాట ఒప్పుకుందాం. ఆవిడ ఓట్ల రాజకీయం మనిషి కాదు. రాజ్యాంగ సభకి వెళ్ళింది జనం నేరుగా వేసిన ఓటుతో కాదు, శాసనసభ్యుల ఓటుతో. పార్టీలో ముఠాలు కట్టడం, గ్రామ పెద్దల్ని పట్టుకోవడం లాంటివి ఆవిడ కథలో ఎక్కడా కనపడవు. సంస్థ పెట్టి నడపమంటే ఆవిడ తర్వాతే ఎవరైనా.

దొడ్డిదారి అంటారా, ప్లానింగ్ కమిషన్‌లో సభ్యులు ఎవరూ ఎన్నికై వచ్చేవాళ్ళు కాదు కాబట్టి ఆ మాట అతకదు. నెహ్రూ ఆవిడని అందులోకి తీసుకున్నారు, ఆవిడ సాంఘిక సేవల విభాగం చూశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి వచ్చింది, మొదటి అధ్యక్షురాలు ఆవిడే. 1958లో స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకి కూడా. చైనా వెళ్ళొచ్చాక మన దగ్గరా కుటుంబ తగాదాలకి వేరే కోర్టులు ఉండాలని పెద్ద న్యాయమూర్తులతో, నెహ్రూతో మాట్లాడారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చింది 1984లో. దుర్గాబాయి పోయింది 1981లో.

ప్రశ్న: మా అమ్మాయి కాలేజీలో దుర్గాబాయి మీద ప్రాజెక్టు చేస్తోంది. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా అవే పది లైన్లు. ఇంకేం చూడాలి?

రాజ్యాంగ సభ చర్చలు పూర్తిగా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ముందు అక్కడికి వెళ్ళమనండి. 'దేశ్‌ముఖ్' అని వెతికితే ఆవిడ మాటలు దొరకవు, ఎందుకంటే అప్పటికి ఆ పెళ్ళి కాలేదు. రికార్డుల్లో ఆవిడ 'శ్రీమతి జి. దుర్గాబాయి', కొన్నిచోట్ల ఉత్త 'శ్రీమతి దుర్గాబాయి'. 1948 డిసెంబరు మొదటివారంలో ప్రాథమిక హక్కుల చర్చ, 1949 మే నెలలో పార్లమెంటు సభ్యుల అర్హతల చర్చ, 1949 సెప్టెంబరు 12 నుంచి 14 దాకా భాష చర్చ, ఈ మూడూ చదివితే ప్రాజెక్టుకి సగం సరుకు వచ్చేసినట్టే. ఇంగ్లిష్‌లో ఉంటాయి, టెన్షన్ పడక్కర్లేదు, ఆవిడ వాక్యాలు చిన్నవి. ఆవిడ ఆత్మకథ కూడా ఉంది, కాకినాడ రోజులూ జైలు రోజులూ దాన్లో దొరుకుతాయి. సభలో ఎవరు మధ్యలో అడ్డుపడ్డారు, ఆవిడ ఏం జవాబిచ్చారు అన్నది కూడా నోట్ చేసుకోమనండి, పది లైన్ల వ్యాసాల్లో లేనిది అదే. ప్రాజెక్టు అయ్యాక ఒక కాపీ మాకు పంపమని చెప్పండి, బాగుంటే ఇక్కడే వేద్దాం.